ఫోన్‌లో నిండని ఫారాలు, కోర్సుల్లో లేని పాఠాలు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ చదువుల పేజీలో వెబ్ డెవలపర్ ఉద్యోగాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఏ కోర్సుకు ఎన్ని నెలలు పడుతుంది, ఏ ఫ్రేమ్‌వర్క్ (ముందే కట్టిపెట్టిన కోడ్ చట్రం) వస్తే ఎంత జీతం ఇస్తున్నారు అన్న వివరాలన్నీ ఓపిగ్గా సేకరించి ఇచ్చారు. కానీ ఆ వెబ్‌సైట్లు ఎవరి కోసం కడుతున్నాం, కట్టాక అవి వాళ్ల చేతిలో పనిచేస్తున్నాయా లేదా అన్న మాట అందులో ఎక్కడా రాలేదు. పదేళ్లకు పైగా ఈ పనే చేస్తున్నదాన్ని, ఆదివారాలు మా ఊరి గ్రంథాలయంలో డిగ్రీ, బీటెక్ పిల్లలకు ఇదే నేర్పుతున్నదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

నరసరావుపేటలో మా వీధి చివర ఒక నెట్ సెంటర్ ఉంది. స్కాలర్‌షిప్పులు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, ఉద్యోగ నోటిఫికేషన్ల సీజన్ వచ్చిందంటే పొద్దున్నే అక్కడ జనం నిలబడి ఉంటారు. వాళ్లలో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు చాలా తక్కువ. వాట్సాప్ వాడతారు, ఫోన్‌పేలో డబ్బులు పంపుతారు, యూట్యూబ్ చూసి పురుగుమందు మోతాదు తెలుసుకుంటారు. అయినా ఒక ఫారం నింపాలంటే యాభయ్యో వందో పట్టుకుని, ఒక పూట పని మానుకుని అక్కడికి రావాల్సిందే. జనానికి టెక్నాలజీ తెలియక ఇలా జరుగుతోందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ ఫారాలను ఫోన్‌లో నింపబోతే ఈ పనిలోనే ఉన్న నాకూ తల ప్రాణం తోకకొస్తుంది.

మా పిన్ని కోసం ఈమధ్య అలాంటి ఫారం ఒకటి ఆమె ఫోన్‌లోనే నింపాం. ఏ శాఖదో చెప్పను, ఏ ఒక్క శాఖ సంగతో కాదు కాబట్టి. పేజీ తెరుచుకునేసరికి అక్షరాలు కంటికి ఆనలేదు. ఫోన్ తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకోమని పేజీ మొదట్లో వ్యూపోర్ట్ లైను ఒకటి రాస్తాం. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ ఆ పేజీని కంప్యూటర్ కోసం చేసినదిగా లెక్కేసి మొత్తాన్నీ కుదించి చూపిస్తుంది. ఇక్కడ ఆ ఒక్క లైను లేదు. పుట్టిన తేదీ దగ్గర నొక్కితే ఈ నెల క్యాలెండర్ వచ్చింది. పిన్ని పుట్టింది 1961లో. ఒక్కో నెలా వెనక్కి నొక్కుకుంటూ పోవాలి, టైప్ చేద్దామంటే ఒప్పుకోదు. తరువాత ఆధార్ నంబరు. కార్డు మీద అది నాలుగేసి అంకెలుగా మధ్యలో ఖాళీతో అచ్చయి ఉంటుంది, చూసినవాళ్లు చూసినట్టే కొడతారు. అలా కొడితే ‘ఇన్‌వాలిడ్’ అని ఎర్ర అక్షరాలు. మధ్యలో ఖాళీలు ఉంటే తీసేసి పన్నెండు అంకెలూ తీసుకొమ్మని, పేజీ చేత పని చేయించే భాష జావాస్క్రిప్ట్‌లో ఒక్క లైనులో చెప్పొచ్చు. అంకెలు కొట్టాల్సిన గడి దగ్గర అక్షరాల కీబోర్డు తెరుచుకుంది, అంకెల కీబోర్డు చూపించమనడానికి, పేజీ నిర్మాణం రాసే హెచ్‌టీఎంఎల్‌లో ఒక చిన్న మాట చేరిస్తే సరిపోయేది. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయాలని పైన సూచన ఉంది. పిన్ని ఆధార్‌లో ఇంటిపేరు ఇనిషియల్, దాని పక్కన చుక్క. చుక్క పెడితే ఆ గడి ఒప్పుకోదు!

ఫొటో 50 కేబీ లోపు ఉండాలన్నారు. ఇప్పుడు మామూలు ఫోన్‌లో తీసిన ఫొటో కూడా రెండు మూడు ఎంబీలు ఉంటుంది. దాన్ని అప్‌లోడ్‌కు ముందే, బ్రౌజర్‌లోనే కుదించే పని ఆ పేజీయే చేసిపెట్టగలదు. చేయదు కాబట్టే జనం నెట్ సెంటర్‌కు పరుగెత్తుతున్నారు. ఇవన్నీ దాటుకుని సబ్‌మిట్ నొక్కేసరికి సెషన్ (సైట్ ఇచ్చిన గడువు) అయిపోయిందన్నది, నింపినవన్నీ పోయాయి.

వీటిలో ఏ ఒక్కటీ పెద్ద సాంకేతిక సమస్య కాదు. శ్రద్ధగా నేర్పితే మొదటి నెలలోనే విద్యార్థికి వచ్చేసే విషయాలివి. మరి ఆ ఫారం రాసినవాళ్లకు ఇవి ఎందుకు తెలియలేదు? వాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

నేనూ అమీర్‌పేటలో నేర్చుకున్నదాన్నే. మైత్రీవనం చుట్టూ గోడలు కనిపించకుండా అంటించిన కరపత్రాలు, ఇరుకు హాస్టళ్లు, డెమో క్లాసుకు కిక్కిరిసిన హాళ్లు, ఇవేవీ నాకు కొత్త కాదు. ఊరి నుంచి వచ్చిన ఎంతోమందికి ఆ వీధి బతుకుతెరువు చూపించింది, ఆ రుణం మరిచిపోయే మాట లేదు. అయితే ఇప్పుడు ‘మూడు నెలల్లో ఫుల్ స్టాక్’ (కనిపించే తెర, వెనకున్న సర్వర్ రెండూ) అంటున్న చోట మొదటి వారంలోనే రియాక్ట్ అనే ఫ్రేమ్‌వర్క్ మొదలుపెడుతున్నారు. హెచ్‌టీఎంఎల్‌కు రెండు రోజులు, రంగులూ సైజులూ చెప్పే సీఎస్‌ఎస్‌కు మూడు. అక్షరాలు దిద్దించకుండానే గొలుసుకట్టు రాయమన్నట్టు ఉంది.

అలాంటి కోర్సు పూర్తిచేసిన కుర్రాడు ఒకడు మా ఆదివారం క్లాసుకు వచ్చాడు. తెలివైనవాడు, కష్టపడే గుణం ఉంది. ల్యాప్‌టాప్‌లో షాపింగ్ సైట్ ప్రాజెక్టు చూపించాడు, చూడముచ్చటగా ఉంది. ఫ్రేమ్‌వర్క్ ఏదీ వాడకుండా పేరు, ఫోన్ నంబరు అడిగే చిన్న ఫారం ఒకటి రాయమన్నాను. చాలాసేపు తడుముకున్నాడు. చివరికి రాసింది చూస్తే బటన్ ఉండాల్సిన చోట డివ్ ఉంది. డివ్ అంటే ఉత్త పెట్టె, దానికి ఏ అర్థమూ లేదు. రంగు వేసి, మూలలు గుండ్రం చేసి, క్లిక్ తగిలిస్తే కంటికి బటన్‌లాగే కనిపిస్తుంది. కానీ కీబోర్డులో ట్యాబ్ నొక్కుతూ వెళితే దాని దగ్గర ఆగదు. ఎంటర్ కొట్టినా ఉలకదు. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అదొక బటన్ అనే తెలియదు. హెచ్‌టీఎంఎల్‌లో బటన్ కోసమే ఉన్న గుర్తుమాట, అంటే అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ బ్రౌజర్ ఊరికే ఇచ్చేస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అబ్బాయి అన్న మాట నా మనసులో ఉండిపోయింది: “అక్కా, ఇది మాకు ఎవరూ చెప్పలేదు. బటన్ ట్యాగ్ పాతకాలం నాటిదనుకున్నా.”

పాతకాలం నాటిదే. అదే దాని బలం. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీ ఈరోజు మీ ఫోన్‌లో తెరిచినా తెరుచుకుంటుంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించబట్టే నాలాంటివాళ్లు ఎవరి అనుమతీ లేకుండా ఈ పని చేసుకోగలుగుతున్నారు. బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో తొలి రూపం రాసిన జావాస్క్రిప్ట్ ఇప్పటికీ నడుస్తోంది. దాని మీద కట్టినవి మాత్రం వస్తూ పోతూ ఉన్నాయి. 2006లో జేక్వెరీ, 2010లో యాంగ్యులర్‌జేఎస్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ. నేను నేర్చుకునే రోజుల్లో జేక్వెరీ రాకపోతే ఉద్యోగం లేదు, ఇప్పుడు ఇంటర్వ్యూల్లో దాని ఊసే లేదు. యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 చివరితో సపోర్ట్ ఆపేశారు. అప్పు చేసి ఫీజు కట్టిన పిల్లలకు ఈ చరిత్ర చెప్పాల్సిన బాధ్యత నేర్పేవాళ్లకు ఉందంటాను.

ఫ్రేమ్‌వర్కులు వద్దని నేను అనడం లేదు. రియాక్ట్ నేను రోజూ రాస్తాను. సినిమా టికెట్ల సీట్ల పటం, బ్యాంకు లావాదేవీల తెర లాంటివి అది లేకుండా రాయాలంటే నానా తిప్పలూ పడాలి. కానీ నాలుగు పేరాలు, ఒక ఫోన్ నంబరు ఉండే స్కూలు వెబ్‌సైట్‌కూ అదే వాడుతున్నారు. దాంతో పేజీ బరువెక్కుతుంది. లక్షల వెబ్‌సైట్లను కొలిచే హెచ్‌టీటీపీ ఆర్కైవ్ లెక్కల్లో మధ్యస్థంగా ఒక హోమ్ పేజీ బరువు రెండు ఎంబీలు దాటి చాలాకాలమైంది. నా ఉత్తరం ఇంత పొడుగ్గా ఉందా, దీన్ని మొత్తం తెలుగులో ఒక సాదా పేజీగా పెడితే, ఒక్కో తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు పట్టినా వంద కేబీ దాటదు. 5జీ వచ్చింది కదా అంటారు. నెట్ వేగం పెరిగిన మాట నిజమే. కానీ దిగిన జావాస్క్రిప్ట్‌ను చదివి నడిపించాల్సింది ఫోన్‌లోని ప్రాసెసర్. ఎనిమిది వేల రూపాయల ఫోన్ 5జీ టవర్ కింద పెట్టినా ఎనిమిది వేల ఫోనే. డెవలపర్ దగ్గర లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ఉంటుంది కాబట్టి ఆ నత్తనడక అతనికి ఎప్పటికీ కనపడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరో రాసిపెట్టిన చిన్న చిన్న ప్యాకేజీలను వందలకొద్దీ తెచ్చి కలుపుకుంటాం, వాటిలో ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని రాసినాయన దాన్ని వెనక్కి తీసుకుంటే ప్రపంచమంతటా ప్రాజెక్టులు ఆగిపోయాయి. ఒక మాటకు ఎడమవైపున ఖాళీలు చేర్చడం, అంతే అది చేసే పని.

ఇక తెలుగు సంగతి. మీరు రోజూ తెలుగు అచ్చువేసేవారు కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను. చాలా తెలుగు వెబ్‌సైట్లలో పెద్ద శీర్షికలు చూడండి. ‘రాష్ట్రం’ అని ఉంటే ట ఒత్తు, ర వత్తు సగానికి తెగి ఉంటాయి, లేదా కింది వరుసలోని గుడిదీర్ఘం మీదకు ఎక్కి ఉంటాయి. కారణం చాలా చిన్నది. ఇంగ్లీష్ కోసం తయారుచేసిన డిజైన్లలో వరుసకూ వరుసకూ మధ్య ఎత్తును అక్షరం సైజుకు 1.2 రెట్లు పెడతారు. ఇంగ్లీష్ అక్షరాలకు అది చాలు. మనకు పైన గుణింతం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. 1.6 దాకా పెడితే గానీ మన అక్షరానికి ఊపిరాడదు. సీఎస్‌ఎస్‌లో మార్చాల్సింది ఒక్క అంకె. ఆ అంకె మార్చాలని తట్టాలంటే ఆ పేజీని తెలుగు చదివే కళ్లతో ఒక్కసారి చూసినవాళ్లు ఉండాలి.

శీర్షికలు కత్తిరించడమూ అంతే. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌ను పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా విడివిడిగా లెక్కపెడుతుంది. ఇన్ని అక్షరాలు దాటితే కత్తిరించి మూడు చుక్కలు పెట్టమని రాసిన కోడ్ ‘స్త్రీ’ని మధ్యలో నరికి ‘స్త్’ దగ్గర వదిలేస్తుంది. తెలుగు వార్తల సైట్లలో, యాప్‌లలో ఇది నేను తరచూ చూస్తుంటాను. అక్షరం హద్దు ఎక్కడో గుర్తించే సౌకర్యం ఇప్పుడు బ్రౌజర్లలోనే ఉంది, వాడుకోవడమే తరువాయి. మన లిపిని సరిగా పరీక్షించకపోతే ఎంత పెద్ద సంస్థ అయినా దెబ్బతింటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షరాల వరస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. అన్ని లిపులకూ కంప్యూటర్‌లో ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో, 1991 నాటి తొలి రూపంలోనే తెలుగు ఉంది. ఒకప్పుడు ఒక్కో పత్రిక సైట్‌కు ఒక్కో ఫాంట్ దించుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న లాంటి మంచి ఫాంట్లు ఎవరికైనా ఉచితం. వసతులన్నీ ఉన్నాయి, కావాల్సిందల్లా కాస్త శ్రద్ధ.

మా క్లాసుకు చూపు లేని ఒక బీఏ విద్యార్థి వస్తాడు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని అన్నీ తానే చేసుకుంటాడు. ఒకరోజు అతను ఒక స్కాలర్‌షిప్ పేజీ తెరిచి, ఫోన్ శబ్దం పెంచి అందరికీ వినిపించాడు. “ఎడిట్ బాక్స్. ఎడిట్ బాక్స్. ఎడిట్ బాక్స్.” ఏ గడిలో ఏం రాయాలో చెప్పే లేబుల్‌ను గడితో ముడివేయలేదు. కంటికి ‘తండ్రి పేరు’ అన్న మాట గడి పక్కనే కనిపిస్తుంది, చెవికి మాత్రం ఆ రెంటికీ సంబంధం లేదు. ముడివేయడానికి రెండు చోట్ల ఒకే ఐడీ రాస్తే చాలు. అలా చేస్తే చూపున్నవాళ్లకూ మేలే, మాట మీద వేలు పెట్టినా గడి తెరుచుకుంటుంది. గదిలో ఉన్న పిల్లలంతా ఆ రోజు నుంచి లేబుల్ లేకుండా గడి రాయడం మానేశారు. నా పాఠాలు చేయలేని పని అతని ఫోన్ చేసింది. ఇది మనం దయతో చేసే పని అనుకోకూడదు. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు డిజిటల్ కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) విషయంలో వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. మా పిన్నికి ఆ పద్ధతి ఇబ్బంది అనిపించలేదు. తెలిసిన తెర మీద, ఒకదాని తరువాత ఒకటిగా అడుగుతారు. మంచి వెబ్‌సైట్ కూడా అలాగే ఒక్కో తెర మీద ఒక్కో ప్రశ్న అడగగలదు. దానికి వాట్సాపే ఉండాలని లేదు.

చాట్‌జీపీటీ వచ్చాక ఇదంతా ఎందుకు, అడిగితే కోడ్ అదే ఇస్తుంది కదా అని పిల్లలు అడుగుతున్నారు. ఇస్తుంది, నేనూ వాడతాను. కానీ అది ఇచ్చిన ఫారంలో లేబుల్ ముడి ఉందో లేదో, ఆధార్ గడి ఖాళీలను ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాల్సింది మనమే. పిన్ని ఫోన్ దానికి కనపడదు. అడగాల్సిన ప్రశ్న తెలిసినవాళ్లకే అది పనికొస్తోంది, కాబట్టి పునాది అవసరం తగ్గకపోగా పెరిగింది.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఈ చదువు మాది కాదని మొదటే భయపడతారు. వాళ్లకు ఒక్క మాట చెప్పాలి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులన్నీ కలిపి నూటికి అటూ ఇటూ ఉంటాయి, రోజూ పనికొచ్చేవి ఓ ముప్పై. ఆ ముప్పై ఇంగ్లీష్ మాటలు వస్తే మిగతా పేజీ అంతా తెలుగులో రాసుకోవచ్చు. నేర్చుకోవడానికి ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ అనే సైట్లు ఉచితంగా ఉన్నాయి. తయారుచేసిన పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో పైసా ఖర్చు లేకుండా పెట్టొచ్చు. మా క్లాసులో ఒక అమ్మాయి తన ఊరికి వచ్చే ఆర్టీసీ బస్సుల వేళలను ఒక పట్టికగా రాసి పెట్టింది. అందులో బొమ్మలు లేవు, ఫ్రేమ్‌వర్క్ లేదు, కొన్ని కేబీల పేజీ. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా తెరుచుకుంటుంది. వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ లింకు తిరుగుతోంది, బస్సు వేళ మారితే ఆమెకు ఫోన్ చేసి చెబుతున్నారు. ఇంటర్వ్యూలో చూపించడానికి షాపింగ్ సైట్ నకలు కన్నా ఆ పట్టిక వందరెట్లు మేలని నా నమ్మకం. ఉద్యోగాలిచ్చే చోట నేనూ ఇంటర్వ్యూలు చేస్తాను. వాడే మనుషులున్న చిన్న పేజీ ఒకటి చూపించిన అభ్యర్థితో మాట్లాడటానికి బోలెడు ఉంటుంది.

ఇంజినీరింగ్ కాలేజీలకు ఒక విన్నపం. వెబ్ ల్యాబ్‌లో ప్రతి ప్రాజెక్టునూ మార్కులు వేసే ముందు ఒక చవక ఫోన్‌లో తెరిచి చూడండి, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతో నింపి చూడండి. ప్రభుత్వ శాఖలకు సైట్లు చేసిపెట్టే సంస్థలు కూడా విడుదలకు ముందు ఒక రోజు నెట్ సెంటర్‌లో కూర్చుని వచ్చేవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో గమనిస్తే ఏ కన్సల్టెంటూ ఇవ్వలేని రిపోర్టు చేతికొస్తుంది. ఆ సెంటర్ నడిపేవాళ్లకు ప్రతి ఫారంలోని ప్రతి గడి లోపమూ కంఠతా వచ్చు. వాళ్లను ఎవరూ అడగడం లేదు.

మీకూ ఒక విన్నపం. చదువుల పేజీలో వారానికి ఒక చిన్న కాలమ్‌కు చోటివ్వండి. ఒక్కో వారం ఒక్కో గడి, ఒక్కో ట్యాగ్, పల్లెటూరి విద్యార్థి ఫోన్‌లోనే చేసి చూసుకోగలిగేంత పాఠం. నేను రాసిస్తాను, పారితోషికం ఏమీ అక్కర్లేదు. ఒక్కటే అడుగుతాను. స్థలం సరిపోకపోతే నా మాటలు ఎన్నైనా కత్తిరించండి, కోడ్ లైన్లను మాత్రం ఉన్నది ఉన్నట్టు అచ్చువేయండి. అందులో ఒక్క కోట్ గుర్తు జారిపోయినా పిల్లలు చూసి రాసుకున్న పేజీ పనిచేయదు.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా